పళ్ళంచు, నున్నంచు

రెండు వేల పద్నాలుగులో రాయ్‌పూర్‌కి వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన నాలుగో రోజునే నేను కాలు విరగ్గొట్టుకున్నాను. భన్‌పురిలో రైలుకట్ట కింద ఒక పాత తూము ఉంది. దాని గోడ మీద మొలిచిన నాచు చూద్దామని వంగి, ఆ నాచు మీదే అడుగేసి జారాను. చీలమండ ఎముక చిట్లింది. డాక్టరు ఆరు వారాలకి పిండికట్టు వేశాడు.

"ఎనిమిదేళ్ళ బట్టి గోడలమ్మట పాచి గీకుతున్నావు గదరా రామ్మూర్తీ," అంది మా అమ్మ పైడమ్మ, నా కాలి కింద తలగడ సర్దుతూ. "ఇన్నాళ్ళు ఓర్సుకుంది పాపం. ఇంక ఓపిక సచ్చిపోయి పడదోసీసింది."

వంటింట్లోంచి నా భార్య మాలతి పకాలున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముందుగది గోడకి వేలాడుతున్న మ్యాపునే చూస్తూ పడుకున్నాను.

నేనొక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెబుతాను. నా పీహెచ్‌డీ నాచు మొక్కల మీద. కాళ్ళ కింద జారే పాకుడు కాదు. వానాకాలం ఇటుక గోడల మీద మఖమల్ పరిచినట్టు పచ్చగా లేచే చిట్టి చిట్టి మొక్కలు, ఆకులతో సహా. రాయ్‌పూర్ చుట్టుపక్కల నేలని రెండేసి కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏ నాచు ఉందో వెతికి, కాగితం పొట్లంలో వేసి, మ్యాపు మీద రంగు చుక్క పెట్టాలి. మొత్తం నూట యాభై గడులు. నూట ఇరవై ఎనిమిది అయ్యాయి. మిగిలినవి ఈ వానల్లో ముగించి డిసెంబరులో థీసిస్ ఇవ్వకపోతే యూనివర్సిటీ నా పేరు కొట్టేస్తుంది. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. నాకు నలభై ఆరేళ్ళు.

"మిగిలిన గడులు నేను చూసొస్తాను," అంది మాలతి ఆ సాయంత్రం.

"నువ్వా?"

"ఏం? నేనేం చదివానో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఎమ్మెస్సీలో మేమిద్దరం ఒకే క్లాసు. బంగారు పతకం ఆమెది. నోటీసు బోర్డు మీద ఆమె పేరు కింద నా పేరుండేది. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఆమె ఇంట్లో పిల్లలకి సైన్సు ట్యూషన్లు చెప్పుకుంటోంది. పతకం సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. నేనైతే అసలు ఎత్తను.

మర్నాడు ట్యూషన్లు సాయంత్రానికి మార్చుకుని, నా భూతద్దం మెడలో వేసుకుని, రెయిన్‌కోటు తగిలించుకుని, స్కూటీ మీద వెళ్ళింది. మధ్యాహ్నం ఫోను చేసింది. వెనక నుంచి లారీ హారన్లు, వాన చప్పుడు.

"మూర్తీ! మందిర్ హసౌద్‌లో ఉన్నాను. పాత బియ్యం మిల్లు గోడ. అబ్బ, ఎంత ఉందో తెలుసా! గోడ గోడంతా పచ్చగా ఉంది."

అమ్మ ఎదురుగా ఉంటే నన్ను 'ఏమండీ' అంటుంది. ఎవరూ లేకపోతే కాలేజీ రోజుల్లోలాగా 'మూర్తీ' అనే. ఆ పిలుపులో ఇంత హుషారు విని చాలా ఏళ్ళయింది.

"హయోఫిలా నాచే కదా?" అన్నాను. "ఆకుపచ్చ చుక్క. పొట్లం కట్టి నంబరు రాసెయ్. సరిపోతుంది."

"హయోఫిలాయే. కానీ మూర్తీ, ఇవి రెండు."

"ఏవి రెండు?"

"నువ్వు అంతటికీ ఒకటే రంగు చుక్క పెడుతున్నావు కదా, అది ఒకటి కాదు, రెండు. నిన్న నీ పొట్లాల్లో భన్‌పురిది చూశాను. దాని ఆకు కొస దగ్గర అంచుకి పళ్ళున్నాయి, చిన్న రంపంలాగా. ఇక్కడిది నున్నగా ఉంది. ఎండినప్పుడు రెండూ ఒకేలా ముడుచుకుంటాయి, అంతే, అక్కడే మోసపోతాం. నీటి చుక్క వేస్తే విప్పుకోవడంలో కూడా తేడా ఉంది. ఇది తాపీగా విప్పుకుంటోంది."

"లేత ఆకు చూసుంటావు," అన్నాను. "లేత ఆకుకి పళ్ళు రావు. అంత పెద్ద భూతద్దమేం కాదది. వానలో తడవకుండా ఇంటికి రా."

ఫోను పెట్టేసి గోడ మీది మ్యాపు వైపు చూశాను.

ఆ మ్యాపులో నా థీసిస్ ప్రాణమంతా ఆ ఒక్క ఆకుపచ్చ చుక్కలోనే ఉంది. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలున్న సిల్తారా నుంచి, పొలాల మధ్య ఉన్న మందిర్ హసౌద్ దాకా ప్రతి గడిలోనూ ఆ చుక్క పడింది. ఈ నాచుకి పొగతో పని లేదు, ఎక్కడైనా బతుకుతుంది అని నా నాలుగో అధ్యాయం. అవి రెండు జాతులైతే ఆ అధ్యాయం లేదు. నాలుగో అధ్యాయం లేకపోతే మిగిలినవన్నీ వట్టి జాబితాలు.

మాలతి ఆ సాయంత్రం నా మైక్రోస్కోపు అన్నాల బల్ల మీద పెట్టింది. ఆకులు ఒక్కొక్కటే పీకి గాజుపలక మీద పరిచింది. "ముదురాకులే తీశాను, చూడండి," అంది. అమ్మ అక్కడే కూచుని ఉంది కాబట్టి 'చూడండి'. నేను కర్రల మీద కుంటుకుంటూ వెళ్ళి చూశాను. ఒక పలక మీద అంచుకి పళ్ళున్నాయి. రెండో పలక మీద అంచు నున్నగా ఉంది.

"చోటుని బట్టి మారుతుంది," అన్నాను. "నీడ, తేమ, ధూళి. మొక్క ఒకటే."

మాలతి రెండు పలకలూ ఒక అట్టపెట్టెలో జాగ్రత్తగా పెట్టింది.

వారం తర్వాత నా గైడు వీరేంద్ర సర్ నన్ను పరామర్శించడానికి మా గుఢియారీ ఇంటికి వచ్చారు. రిటైరవడానికి రెండేళ్ళుంది ఆయనకి. ఛత్తీస్‌గఢీ మనిషి, హిందీలోనే మాట్లాడతారు. నా కాలు చూసి, రెండు మంచిమాటలు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయేవారే. బల్ల మీద పొట్లాలు ఆయన కంట పడ్డాయి. పొట్లాల మీద మాలతి చేతిరాత ఉంది. ప్రతి దాని మీదా నంబరు, చోటు, తేదీ, చివర్న 'పళ్ళంచు' అనో 'నున్నంచు' అనో తెలుగులో ఒక మాట.

"యే క్యా లిఖా హై?" అంటూ అదేం రాతని అడిగారు.

మాలతి చెప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మైక్రోస్కోపు మీద వంగారు. వంగినవారు చాలాసేపు లేవలేదు. టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. ఒక్కో పలకా మారుస్తూ, "ఔర్ దిఖాయియే... ఔర్," అంటూ ఇంకా చూపించమంటున్నారు. మాలతి పక్కన నిలబడి అందిస్తోంది. ఇద్దరూ వాళ్ళ లోకంలో ఉన్నారు. నేను కాలు స్టూలు మీద పెట్టుకుని, ఆ ఇంట్లో చుట్టాన్నయిపోయాను.

చివరికి ఆయన తల ఎత్తి నన్ను చూశారు. "మూర్తీ, ఇన్నేళ్ళూ నువ్వేం చూశావయ్యా?" అన్నారు హిందీలో. కోపంగా కూడా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. అందుకే అది ఇప్పటికీ మానని మాట.

"సర్, చోటుని బట్టి మారుతుందేమోనని..." అన్నాను.

"మారొచ్చు. రుజువు ఏది?"

"రుజువు చేద్దాం సర్," అంది మాలతి. "రెండిటినీ ఒకే ఇటుక మీద పక్కపక్కన పెంచుదాం. అదే నీళ్ళు, అదే నీడ. పాత మొక్కలు తీసేసి కొత్త చివుళ్ళు రానిద్దాం. కొత్త ఆకులు కూడా వేర్వేరుగా ఉంటే జాతులు వేరే. ఒకేలా వస్తే ఆయన అన్నదే నిజం."

"వాహ్," అన్నారాయన. ఎనిమిదేళ్ళలో నా ముఖం చూసి ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మాలతీ జీ, మీ ఫోన్ నంబరు ఇవ్వండి," అన్నారు. నేను మూర్తీ. ఆమె మాలతీ జీ.

ఇటుక పెరటి వరండాలో పెట్టింది. పాత స్టీలు ట్రేలో నీళ్ళు పోసి, దాని మధ్యలో ఒక ఇటుక. కిటికీ వైపు సగంలో మందిర్ హసౌద్ నాచు, మెట్ల వైపు సగంలో భన్‌పురి నాచు. ఇటుక మీద సుద్దతో రాసిన గుర్తులు మూడో రోజుకే జల్లుకి కొట్టుకుపోయాయి. ఏ సగం ఏదో ఒక రూళ్ళ పుస్తకంలో రాసి పెట్టుకుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం భూతద్దంతో చూసి ఒక వాక్యం రాసేది.

"ఏటమ్మా కోడలా, తులసికోటకి కూడా ఇంత సేవ సెయ్యలేదు నువ్వు," అనేది అమ్మ.

"తులసి అయితే ఇట్టే ఎవరైనా గుర్తుపడతారు అత్తయ్యా. దీన్ని గుర్తుపట్టాలంటే రోజూ మొహం చూడాలి," అనేది మాలతి.

జులై అంతా ఆమె తిరిగింది. ఉదయం ఎనిమిదింటికి వెళ్ళి రెండింటికి వచ్చేది. ఒంటి నిండా బురద, మొహం నిండా వెలుగు. సిల్తారా నుంచి వచ్చిన రోజు రెయిన్‌కోటు విదిలిస్తే నల్లటి నీళ్ళు కారేవి. వచ్చీ రాగానే వీరేంద్ర సర్ ఫోను. "హా సర్... నహీ సర్, వహా తో సిర్ఫ్ దాంత్‌వాలా మిలా..." అంటూ వరండాలో అటూ ఇటూ తిరిగేది, నవ్వేది. అక్కడ పళ్ళదే దొరికిందట. నాకు ఆ కబురు ఆమె చెప్పక ముందే ఆయనకి చేరేది. చుట్టూ తిరిగి రాత్రి భోజనాల దగ్గర నా దాకా వచ్చేది.

నేను చెడ్డవాణ్ణని అప్పటిదాకా అనుకోలేదు. ఆమెని ఏనాడూ ఒక మాట అనలేదు. కానీ ఆ నెలలో నాలో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఆమె నవ్వు వినబడితే చదువుతున్న పేజీలో అక్షరాలు అతుక్కుపోయేవి. కూరలో ఉప్పు తగ్గితే లోపల చిన్న సంతోషం. ఒక రోజు స్కూటీ చెడిపోయి పని కాకుండా తిరిగొస్తే, "అయ్యో" అన్నాను గానీ, ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను. ఆమె మీద ఎవరో మగాడు కన్నేశాడని అనుమానపడితే ఈ కుళ్ళుకి కనీసం ఒక పేరుండేది. నాది అది కాదు. ఆమె చూపు మీద నా కుళ్ళు. ఆ చూపు పద్దెనిమిదేళ్ళు నా ఇంట్లో బియ్యంలో రాళ్ళేరుతూ ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆగస్టు మొదట్లో పిండికట్టు తీశారు. చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాను. ఇటుక మీద కొత్త చివుళ్ళు వచ్చాయి. దూరం నుంచి చూస్తే రెండు సగాలూ ఒకే పచ్చదనం. భూతద్దంతో చూసినా నాకు తేడా తేలలేదు.

"నాకు తెలుస్తోంది," అంది మాలతి. "ఇంకా మైక్రోస్కోపు కింద పెట్టక్కర్లేదు. సర్ వచ్చాకే కోద్దాం."

నాకు తెలియంది ఆమెకి తెలుస్తోందట. ఆ మాట మూడు రోజులు నన్ను తిననివ్వలేదు. నిజంగా తెలుస్తోందా, లేక ఏ సగం ఏదో పుస్తకంలో ఉంది కాబట్టి తెలుస్తున్నట్టు అనిపిస్తోందా? పరీక్ష పెడితే? అని మొదలైంది ఆలోచన. పరీక్ష అనే మంచి పేరు పెట్టుకున్నాను దానికి. సర్ వచ్చి ఆకులు కోసి చూసే రోజున, ఆమె పుస్తకంలో ఉన్నదొకటి, పలక మీద ఉన్నదొకటి అయితే, అప్పుడు ఆయన నుదుటి మీద కళ్ళజోడు ఎక్కడికి పోతుందో చూడాలనిపించింది.

ఆగస్టు పంతొమ్మిది. మాలతి సిల్తారా అవతల చివరి గడులకి వెళ్ళింది. మధ్యాహ్నం పన్నెండున్నర అయి ఉంటుంది. నేను వరండాలోకి వెళ్ళి, చేతికర్ర గోడకి ఆనించి, ట్రేని రెండు చేతులతో పట్టుకుని, అటుది ఇటు తిప్పాను. నీళ్ళు కొంచెం తొణికాయి. అంతే.

"ఏటి చేస్తన్నావురా?" అంది అమ్మ. వంటింటి గుమ్మంలో బెండకాయలు తరుగుతూ కూచుంది. ఆమెని నేను చూసుకోలేదు.

"ఎండ తగలాలని," అన్నాను.

అమ్మ ఆకాశం వైపు చూసింది. మూడు రోజులుగా ఎండ లేదు. మళ్ళీ బెండకాయలు తరగడం మొదలెట్టింది.

మాలతి రెండున్నరకి వచ్చింది. ముందు కాళ్ళు కడుక్కుంది. తర్వాత భూతద్దం తీసుకుని వరండాలోకి వెళ్ళింది. నేను ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని, దాని అంచు మీదుగా చూస్తున్నాను. ఆమె వంగింది. ఎప్పుడూ చూసినంతసేపే చూసింది. భూతద్దం వదిలేసి, నిటారుగా నిలబడి, ఒక్క క్షణం మామూలు కళ్ళతో ఇటుక వైపు చూసింది. తర్వాత ట్రేని రెండు చేతులతో పట్టుకుని తిప్పి, మళ్ళీ మొదట ఉన్నట్టు పెట్టింది. ఒక్క నీటి చుక్క తొణకలేదు. స్టూలు మీద కూచుని పుస్తకంలో రాసుకుంది.

లోపలికి వచ్చి, "కాఫీ తాగుతారా?" అంది.

అమ్మ అప్పుడు గదిలో లేదు. అయినా 'తాగుతారా' అంది.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు పుస్తకం తీసి చూశాను. 'ఆగస్టు 19. మ. 2.40. ట్రే తిరిగి ఉంది. సరిచేశాను. కిటికీ వైపు నున్నంచు, మెట్ల వైపు పళ్ళంచు.' ఎవరు, ఎందుకు అన్న మాట లేదు. ఆ రోజు నుంచి నన్ను మూర్తీ అనలేదు. దెబ్బలాడలేదు, అలగలేదు. టైముకి భోజనం పెట్టింది, మందులు ఇచ్చింది. ఒక అద్దె ఇంటాయనతో ఎంత మర్యాదగా ఉంటారో అంత మర్యాదగా ఉంది.

సెప్టెంబరు రెండో వారంలో వీరేంద్ర సర్ వచ్చారు. మాలతి రెండు సగాల నుంచీ కొత్త చివుళ్ళు కోసింది. ఆయనే స్వయంగా పలకలు చేశారు. చెరో పాతిక ఆకులు చూశారు. కిటికీ వైపు పాతికా నున్న అంచు. మెట్ల వైపు పాతికా పళ్ళు. ఒకే ఇటుక, ఒకే నీళ్ళు.

"దో హై," అన్నారాయన మెల్లగా. "రెండే."

తర్వాత రూళ్ళ పుస్తకం మొదటి నుంచి తిరగేయడం మొదలెట్టారు. తెలుగు మాటల దగ్గర మాలతి చదివి వినిపిస్తోంది. ఆగస్టు పంతొమ్మిది దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారలేదు. ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పింది.

ఆయన తల ఎత్తారు. "ట్రే తిరిగి ఉందా? ఎలా తిరిగింది?"

"తెలీదు సర్. నేను ఇంట్లో లేను. చూసింది రాశాను."

"నానే తిప్పీసినాను బాబూ," అంది అమ్మ గుమ్మంలోంచి. వెంటనే ఆయనకి అర్థమయ్యేలా ఛత్తీస్‌గఢీలో కూడా చెప్పింది. ఊడుస్తుంటే అడ్డొచ్చిందట.

"ఎన్నిసార్లు తిప్పారు మాతాజీ?"

అమ్మ తడబడింది. "ఏటో... ఊడిసినప్పుడల్లా జరుపుతాం గదా. ఒకసారో, రెండుసార్లో."

ఆయన పుస్తకం మూసేశారు. "మాలతీ జీ, మీరు చూసి పోల్చగలరు, నాకు అనుమానం లేదు. కానీ ఇటుక మీద గుర్తు లేదు. ఎన్నిసార్లు తిరిగిందో తెలియని ట్రే మీద నేను సంతకం పెట్టలేను. రేపు పరీక్షకుడు ఇదే అడుగుతాడు. వచ్చే వానలకి మళ్ళీ మొదలుపెడదాం."

మాలతి "అచ్ఛా సర్" అంది. పలకలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతోంది. ఆమె నా వైపు చూస్తే, ఒక్కసారి చూస్తే, నేను ఎదురు కోపం తెచ్చుకుని కూచునేవాణ్ణి. చూడలేదు. ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చిందని మొహంలో తెలియనివ్వకుండా గాజుపలకలు తుడుచుకుంటోంది. పద్దెనిమిదేళ్ళు ఎలా ఆగిందో నాకు అప్పుడు కనిపించింది.

"ఒక్కసారే తిరిగింది సర్," అన్నాను. "నేనే తిప్పాను. ఆగస్టు పంతొమ్మిది, మధ్యాహ్నం పన్నెండున్నరకి. సగం చుట్టు. తర్వాత ముట్టుకోలేదు."

వీరేంద్ర సర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎందుకు తిప్పావని అడుగుతారని, ఏదో చెప్పుకోవచ్చని చూశాను. అడగలేదు. పుస్తకం నా ముందు తెరిచి పెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు.

"ఇప్పుడు చెప్పింది దాని కింద రాయి. టైముతో సహా. సంతకం చెయ్యి."

రాశాను. మాలతి రాసిన వాక్యం కింద నా వాక్యం, నా సంతకం, దాని కింద ఆయన సంతకం. ఈ రోజుకీ ఆ పుస్తకం యూనివర్సిటీ డిపార్ట్‌మెంటులో ఉంది. కావాలంటే ఎవరైనా చూడొచ్చు.

వెళ్ళేటప్పుడు ఆయన మ్యాపు ముందు ఆగారు. "డిసెంబరులో ఇది ఇవ్వడం కుదరదు మూర్తీ. నేను ఆపడం లేదు. నీ చుక్కలే ఆపుతున్నాయి." గడువు సంగతి తను మాట్లాడి చూస్తానన్నారు. మాలతి వైపు తిరిగి, "మీరు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టండి," అన్నారు. ఆమె ఆలోచించుకుంటానని అనలేదు. "పెడతాను సర్," అంది.

ఆయన వెళ్ళాక అమ్మ నా మీద పడింది. "నాను నెత్తినేసుకున్నాను గదరా! మద్దిన నువ్వెందుకు నోరిప్పినావు?"

"ఇంకోసారి అడిగితే ఏం చెప్పేవారు అత్తయ్యా?" అంది మాలతి.

"ఏటో ఒకటి. మూడుసార్లు అనీసీదాన్ని."

మాలతికి నవ్వాగలేదు. అమ్మ కూడా నవ్వింది. నేను వరండాలోకి వెళ్ళి కూచున్నాను. కాసేపటికి మాలతి వచ్చి మెట్టు మీద కూచుంది. వాన వెలిసి ఆవరణంతా తడి వాసన.

"ఒకటడుగుతాను," అంది. "మైక్రోస్కోపు కింద ఎనిమిదేళ్ళు చూశావు. ఆ పళ్ళు నీకు నిజంగా కనిపించలేదా?"

అబద్ధం చెప్పే ఓపిక అప్పటికి అయిపోయింది.

"కనిపించాయి," అన్నాను. "మూడేళ్ళ కిందట. ముప్ఫై ఏడో నంబరు గడి, ఖారూన్ ఏటి ఒడ్డున పాత బావి. ఒకే పొట్లంలో రెండు రకాలూ ఉన్నాయి. అప్పటికి తొంభై గడులు అయిపోయాయి. వెనక్కి వెళ్ళి అన్నీ మళ్ళీ చూడాలంటే భయమేసింది. పొట్లం మూసేశాను. నీతో చెబితే ఒక్క నిమిషంలో తేల్చేస్తావని తెలుసు. అందుకే చెప్పలేదు."

ఆమె మెట్టు కిందికి కారుతున్న నీళ్ళ వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిడుతుందనీ అనుకున్నాను.

"నేను ఈ ఇంట్లోనే ఉన్నాను కదా మూడేళ్ళూ," అంది. "ఆ గదిలో నువ్వు, ఈ గదిలో నేను." లేచి కుచ్చిళ్ళు దులుపుకుంది. "నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. రేపటి నుంచి పొట్లాలన్నీ తిరిగి చూడాలి. ఎన్నున్నాయి?"

"ఆరొందల పన్నెండు."

"చలో," అంది.

దసరా సెలవులు, దీపావళి సెలవులు అన్నీ దానికే పోయాయి. అన్నాల బల్ల మైక్రోస్కోపుకి పోయింది. ముగ్గురం వంటింట్లో నేల మీద కూచుని తినేవాళ్ళం. మాలతి కాలేజీ మెట్లు మళ్ళీ ఎక్కేందుకు కాగితాలు పెట్టుకుంది. సాయంత్రం ట్యూషన్ పిల్లల్ని నేను తీసుకున్నాను. అమ్మ పొట్లాలకి నంబర్ల వరస చూసి అందించేది. మాలతి కళ్ళు పెట్టి చూసి "పళ్ళు", "నున్న", "పళ్ళు" అంటుంటే, నేను కొత్త మ్యాపు మీద చుక్కలు పెట్టేవాణ్ణి. పళ్ళంచుకి ఎరుపు, నున్నంచుకి నీలం.

నవంబరుకి మ్యాపు తేలింది. ఎరుపు అంతటా ఉంది. నీలం మందిర్ హసౌద్ వైపు, ఖారూన్ ఒడ్డున దట్టంగా ఉంది. సిల్తారా, భన్‌పురి వైపు వచ్చేసరికి ఒక్క నీలం చుక్క లేదు. చేత్తో తుడిచేసినట్టు అంత మేర ఖాళీ.

"పొగ వల్ల అని రాద్దామా?" అన్నాను.

"అప్పుడే ఎలా రాస్తాం? ఇక్కడ లేదు అని రాద్దాం. ఎందుకు లేదో నేను చూస్తాను," అంది. నేను చూస్తాను అంది, మనం అనలేదు. కలుక్కుమంది. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను.

ముప్ఫై ఏడో గడి పొట్లం ఆఖరికి ఉంచాం. ఎందుకో ఇద్దరం దాన్ని పక్కకి జరుపుతూ వచ్చాం. ఆ రోజు ఆదివారం, పొద్దున్న. నేను అడిగాను, ఇది మొదట నేను చూస్తానని. ఆమె కుర్చీ ఖాళీ చేసింది. నీళ్ళు వేసి, ఆకులు విప్పుకున్నాక, ఓపిగ్గా నలభై ఆకులు చూశాను. మూడేళ్ళ కింద చూసి మూసేసినవే. ఎరుపుదీ ఉంది, నీలందీ ఉంది. ఈసారి గట్టిగానే చెప్పాను.

"రెండూ ఉన్నాయి."

మాలతి కూచుంది. పలక కొంచెం జరిపింది, ఇంకొంచెం జరిపింది. అమ్మ చేతిలో పొట్లం పట్టుకుని నిలబడే ఉంది. గోడ మీద కొత్త మ్యాపు ఒక్క గడి తప్ప పూర్తయి ఉంది.

"మూర్తీ," అంది, కళ్ళు ఎత్తకుండానే. "మూడు."

నాలో సరిగ్గా ఆ పాత కుళ్ళే మళ్ళీ లేచింది. అది పోయిందని ఎవరికైనా చెబితే అబద్ధమే అవుతుంది. రంగు పెన్సిళ్ళ డబ్బా దగ్గరికి లాక్కున్నాను.

"మూడోదానికి ఏ రంగు తియ్యమంటావ్?" అన్నాను.